వెనక వైపు చూసిన మనిషి

మొన్న ఆదివారం పొద్దున ఇడ్లీ తింటుంటే ఫోను టింగుమంది. నెట్లో ఉన్న తెలుగు విజ్ఞాన సర్వస్వంలో మా ఊరి కొయ్య ఎల్లమ్మ మీద ఒక చిన్న వ్యాసం ఉంది. దాని చర్చ పేజీలో ఎవరో కొత్త పరిశీలకుడు ప్రశ్న పెట్టాడు. "విగ్రహాన్ని చెక్కింది బక్కయ్య అన్న వాక్యానికి ఒకే ఒక్క మూలం ఇచ్చారు. ఆ మూలం రాసిన ఆమె ఎవరు? ఏ విశ్వవిద్యాలయం? ఏం పరిశోధన చేశారు? వారంలోగా జవాబు రాకపోతే ఈ వాక్యం తొలగిస్తాను."

ఇడ్లీ పళ్లెం పక్కకు నెట్టాను. బక్కయ్య మా ముత్తాత. ఆ మూలం రాసినామె పోయి ఇంకా ఏడాది కాలేదు.

ముందు కోపం వచ్చింది, ఎవడ్రా వీడు అని. ఆ వెనకే నవ్వొచ్చింది. అచ్చం ఇలాంటి ప్రశ్నలే వేసి ఆమె మా అందరి ప్రాణాలు తోడేసేవారు. ఇవాళ బతికుంటే ఈ ప్రశ్న చదివి, "మంచిగడిగిండు. కోపం జేస్కోకుండ జవాబియ్యి" అనేవారు. సరే, జవాబిద్దామని కూర్చున్నాను. రాస్తూ పోతే అది చర్చ పేజీలో పట్టేలా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆమె పేరు మాత్రం రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు.

నాది నల్లగొండలో కరెంటు ఆఫీసు ఉద్యోగం. సెలవు రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్ల గురించి, గుళ్ల గురించి ఆ విజ్ఞాన సర్వస్వంలో రాయడం నాకు సరదా. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. అయితే రాసినదాన్ని కొందరు పరిశీలకులు చదివి, ఆధారం లేని మాటను పీకి పారేస్తారు. అలా పీకేవాళ్లలో 'చూపరి' అన్న మారుపేరుతో ఒకరుండేవారు. చూపరి పేరు చూస్తేనే మాకు దడ. 'ప్రాచీనమైన' అని రాస్తే, "ఎంత?" అని పక్కన ప్రశ్న. 'ప్రసిద్ధి గాంచిన' అని రాస్తే, "ఎవరిలో?" అని ప్రశ్న. పోచంపల్లి చీర మీద నేను ఒళ్లు మరిచి రాసిన పేరాలో చివరికి మిగిలింది చీర ఒక్కటే.

మా ఊరు తిరుమలగిరి దగ్గర. ఊళ్లో వేపకొయ్యతో చేసిన ఎల్లమ్మ ఉంది. మామూలు రోజుల్లో అమ్మవారు పెట్టెలో ఉంటుంది. జాతరకు బయటికి తీసి, పాత రంగు గీకి, కొత్త రంగులు వేసి ఊరేగిస్తారు. ఆ విగ్రహం మీద ఎవరో వ్యాసం రాశారు. "కాకతీయుల కాలం నాటి అపురూప కొయ్య శిల్పం. శిల్పి ఎవరో తెలియదు" అని. మా జిల్లాలో ఇదొక జబ్బు. పానగల్లులో నిజంగానే పాత గుళ్లున్నాయి కదా, ఆ పుణ్యాన మట్టిలో ఏ పాత రాయి తేలినా, ఏ పాత కట్టె దొరికినా తీసుకుపోయి కాకతీయుల ఖాతాలో వేస్తాం.

అది చదివి నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే అమ్మవారిని చెక్కింది మా ముత్తాత అని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మాది మాదిగవాడ. ముత్తాతది డప్పులు కట్టే చెయ్యి. వెంటనే కూర్చుని, తెలియదు అన్నది కొట్టేసి, 'శిల్పి బక్కయ్య' అని రాశాను. మర్నాటికల్లా చూపరి వచ్చి నా మాట తీసేశారు. అంతటితో ఆగలేదు. కాకతీయులనూ తీసేశారు, 'శిల్పి ఎవరో తెలియదు' అన్నదాన్నీ తీసేశారు. వ్యాసమంతా కలిపి రెండు వాక్యాలు మిగిలాయి. నేను చర్చ పేజీలో నోటికొచ్చినట్టు తిట్టాను. మీలాంటి పెద్ద కులాలవాళ్లకు మా పేర్లు కంటికి ఆనవని కూడా రాశాను. దానికి వచ్చిన జవాబు ఒక చిరునామా. "నల్లగొండలోనే ఉన్నరట గద. పానగల్లు తొవ్వల మా ఇల్లు. వచ్చి మొఖం మీద తిట్టుండ్రి. చాయ్ పోస్త."

తిట్టడానికే పోయాను. గేటు మీద పేరు పలక లేదు. ఒక రేకు ముక్క మీద సుద్ద రంగుతో, 'కుక్క లేదు, రావచ్చు' అని ఉంది. తలుపు తీసినామె పొట్టిగా, తెల్లటి జుట్టుతో, కళ్లజోడుకు మెడ చుట్టూ నల్ల దారం కట్టుకుని ఉంది. సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారట. చూపరి అంటే ఎవరో మీసాల పండితుడని ఊహించుకున్న నేను చెప్పులు విప్పి లోపలికి నడిచాను.

"కూసో. చక్కెర ఉండొచ్చునా, షుగరుందా?" అన్నారు.

"లేదు మేడం."

"చూపించుకున్నవా, నువ్వే అనుకుంటున్నవా?"

అదీ ఆమె. ఎవరు ఏం చెప్పినా ఆమె నోట ముందొచ్చే మాట 'చూసినవా?' కూరగాయల బండి అతను తాజా వంకాయలంటే, "కోస్తుంటే చూసినవా?" అనేవారు. పాపం అతను, "లేదు టీచరమ్మా, మార్కెట్ల తెచ్చిన" అనేవాడు. "మరట్లనే చెప్పు. మార్కెట్ల తెచ్చిన వంకాయలు అని కేకెయ్యి" అని, బేరం ఆడకుండా కొనుక్కునేవారు. అబద్ధమాడని వంకాయల రుచే వేరట.

ఆమె పరిశీలన పద్ధతి కూడా విచిత్రం. వ్యాసాన్ని కాగితం మీద అచ్చు తీయించుకుని, వరండాలో కూర్చుని, బడిపిల్లలకు చదివినట్టు పైకి గట్టిగా చదివేవారు. అబద్ధం మనసులో చదివితే దొరకదని, గొంతులో పడితే రాయిలా తగులుతుందని ఆమె నమ్మకం. తగిలిన చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని ఒక్క వేలితో టిక్కు టిక్కుమని కొట్టేవారు. ఆ రోజు మా ఎల్లమ్మ వ్యాసం నా ముందే చదివారు.

"కాకతీయుల కాలం నాటి కొయ్య అంట. చెదలు ఒప్పుకున్నయా?" అని నా వైపు చూశారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. తిట్టడానికి పోయిన పని అక్కడే సగం చెడింది.

"అది సరే మేడం. మా ముత్తాత పేరు ఎందుకు తీసేసిన్రు?"

"నువ్వు చూసినవా, చెక్కంగ?"

"మా అవ్వ చెప్పింది. ఆమె మామనే గద."

"అవ్వ మాట అబద్ధమని నేననలే. నేను తెల్వదు అన్న ముక్కను గూడ తీసేసిన, చూసినవా? తెల్వదు అనుడు గూడ ఒక మాటనే. దానికి గూడ ఆధారం ఉండాలె. ఎవల్ని అడిగిండ్రు తెల్వదనెటందుకు? మీ వాడకొచ్చి అడిగిండ్రా?" అని సాసరులో పోసుకున్న చాయ్ ఊదుకుంటూ అన్నారు. "ఆ జాగా ఖాళీగ పెట్టిన. ఎవనికి కాకుండ పెట్టిన. మీ తాత కోసమే అనుకోరాదు."

ఇంకేం తిడతాను? చాయ్ తాగి వచ్చేశాను. ఆ తర్వాత నెలకు ఒకటి రెండుసార్లు పోకుండా ఉండలేకపోయేవాణ్ని.

ఆమె వాళ్లది గొర్రెలు కాసే ఇల్లు, మహబూబ్‌నగర్ వైపు. వాళ్ల బాపు పొద్దు గూకాక మందను దొడ్లోకి తోలేటప్పుడు ఒక్కొక్క గొర్రె వీపు మీద చెయ్యి వేసి లోపలికి పంపేవాడట. "అన్ని ఉన్నయిలే అని ఒక్కనాడు అనలే మా బాపు. జరమొచ్చి లేవలేని నాడు గూడ మంచం దొడ్డికాడికి ఎత్తుకపొమ్మనేటోడు" అని చెప్పేవారు. ఆ చెయ్యే ఈమెకు వచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది. వాక్యాల వీపు మీద కూడా చెయ్యి వేసే మనిషి.

తన పేరు ఎక్కడా కనబడటం మాత్రం ఆమెకు గిట్టేది కాదు. రిటైరైన రోజు బడివాళ్లు శాలువాతో పాటు పేరు చెక్కిన ఇత్తడి పలక ఇస్తే, దాన్ని తిరగేసి పూలకుండీ కింద పెట్టుకున్నారు. ఎందుకు మేడం అంటే, "పేరు చూసినంక మనిషి రాతను చూడడు. ఏ కులమో, ఏ ఊరో, ఆడమనిషా మొగోడా, గదే చూస్తడు" అన్నారు. నేను ఆమెకు రాసిన తిట్టు గుర్తొచ్చి చాయ్ కప్పు కడగడానికి లేచాను.

ఆ ఎండాకాలం మా ఊరి జాతర వచ్చింది. నేను పిలవకుండానే మేడం వస్తానని బయలుదేరారు. తిరుమలగిరిలో బస్సు దిగి, ఆటోలో కూర్చుని, మోకాళ్ల నొప్పులు తిట్టుకుంటూ మా ఇంటికొచ్చారు. మా అవ్వ, అంటే నాయిన తల్లి, గడప మీద కూర్చుని ఉంది.

"గీమె ఎవరు బిడ్డా? రేషన్ కార్డుల సంగతి రాసుకునే ఆమెనా?"

"కాదవ్వా, మన అమ్మోరి సంగతి అడగనీకొచ్చింది."

"అమ్మోరు గుళ్లె ఉన్నది, గీడేమున్నది?" అంది అవ్వ. ఆమె పక్కనే నేల మీద చతికిలబడి మేడం, "అమ్మోరిని ఎవరు చేసిండ్రో గుళ్లోళ్లు చెప్తలేరవ్వా. నువ్వు చెప్పు" అన్నారు.

అవ్వ చెప్పింది. గాలివానకు ఊరి వేపచెట్టు ఒకటి కూలిపోయిందట. దానితోనే అమ్మవారిని చేయించాలని పెద్దలనుకుంటే, అమ్మవారు కూర్చున్న చెట్టు మీద ఉలి పెట్టనని ఊరి వడ్రంగి వడ్లాయన మొండికేశాడట. "మా మామ పెడ్తనన్నడు. ఇంట్ల బువ్వకే లేదు, ఇగ భయమెక్కడిది!" అంది అవ్వ. విగ్రహం పూర్తయిన రోజున కొత్త బట్టలు పెట్టారట గానీ, ఉలి మాత్రం తీసేసుకున్నారట. అమ్మవారిని తాకిన ఉలి మళ్లీ వాడకు పోకూడదని పెట్టెలో అమ్మవారితో పాటే పెట్టేశారట. "చేతిల ఉలి గుంజుకున్నరని సచ్చేదాంక మనుసుల పెట్టుకున్నడు. అమ్మోరి మీద కోపం లేకుండె. ఉలి మీదనే పానం" అని అవ్వ కళ్లు తుడుచుకుంది.

ఆ మాటల్లోనే ఉండగా డప్పులు వినబడ్డాయి. రంగులు వేసే ఆయన, గుడి పెద్దరికం చేసే పటేలు, ఇద్దరూ మా ఇంటికొచ్చారు. ఇది ప్రతి జాతరకూ ఉన్నదే. అమ్మవారికి కళ్లు దిద్దేముందు కొత్త తువ్వాలలో ఉలి చుట్టి మా గడపకు తెస్తారు. మా ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని తాకాలి. తాకితేనే కళ్లు దిద్దుతారు. మా ఇంట్లో అందరం చర్చికి పోతాం. నాయిన ముఖం చిట్లించి పెరట్లోకి వెళ్లిపోయాడు. అవ్వకు ఆ పట్టింపు లేదు. ఉలి మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "యేసయ్యా, నీకు తెల్వందేమున్నది" అంది. పటేలు రెండు చేతులతో ఉలిని తిరిగి తీసుకున్నాడు.

మేడం అప్పుడే నోరు విప్పారు. "పటేలా, గిది ఈ ఇంటికే ఎందుకు తెస్తరు?"

"ఆనవాయితీ అమ్మా."

"ఎవరు పెట్టిండ్రు?"

"పెద్దలు."

"పెద్దలు ఊకెనే పెడ్తరా? ఊళ్లె ఇన్ని ఇండ్లున్నయి గద."

పటేలు తువ్వాల సర్దుకున్నాడు. డప్పులవాళ్లు కూడా కొట్టడం ఆపి వింటున్నారు. ఆయన గొంతు తగ్గించి, "ఉలి వీళ్లదేనమ్మా. అమ్మోరిని చేసింది గీ అవ్వ మామనే. మా తాత చెప్పిండు. ఊళ్లె ముసలోళ్లందరికి ఎరికే. బైట అనం, గంతే. వాడ మనిషి చెక్కిన అమ్మోరికి మొక్కుతున్నమని ఎట్లనుకుంటం?" అన్నాడు.

నేను ఒక్క అడుగు ముందుకు వేశాను. మేడం నా చెయ్యి పట్టుకుని ఒక్క నొక్కు నొక్కారు. తర్వాత అవ్వ వైపు తిరిగి, ఆమె అడగడం నేను వందసార్లు విన్న ఆ మాటే అడిగారు. "అవ్వా, నువ్వు చూసినవా అమ్మోరిని? దగ్గరికెంచి?"

"దూరంకెంచి. ఊరేగింపుల. మా మామ చెప్పేటోడు, అమ్మోరి ఎనుక గుండ్రం డప్పు అతుకుతోనే కట్టిన అని. ఎనుక తట్టు ఎవరు చూడనిచ్చిండ్రు మాకు?"

"నడువు, చూద్దాం" అని మేడం లేచారు. మోకాళ్లు పట్టుకుని లేచిన ఆమె, ఆమె భుజం పట్టుకుని లేచిన అవ్వ, ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆనుకుని నడుస్తుంటే వాడంతా వెనక వచ్చింది. నేను గోడకున్న పాత డప్పు తీసుకుని వెంట పరుగెత్తాను. గుడి ముందు పందిట్లో అమ్మవారిని పీట మీద నిలబెట్టారు. ఒంటికి పచ్చటి రంగు తడిగా ఉంది, కళ్లు ఇంకా పెట్టలేదు. వెనక ఎర్రగుడ్డ కప్పి ఉంది. మేడం పటేలు వైపు చూశారు. ఆయన తానే వంగి, అవ్వ నిలబడటానికి అడ్డంగా ఉన్న రంగుల డబ్బాలు పక్కకు జరిపాడు. గుడ్డ కూడా ఆయనే తీశాడు.

అమ్మవారి తల వెనక గుండ్రటి ప్రభ ఉంది. డప్పు చట్రం ఒకే కట్టెతో రాదు. వంకరగా కోసిన చెక్కల కొసలు చీల్చి, ఒకదానిలో ఒకటి దూర్చి, కొయ్య మేకులు కొట్టి గుండ్రంగా చేస్తారు. మేడం ఫోను లైటు వేసుకుని ప్రభ అతుకు చూశారు, నా చేతిలోని డప్పు అతుకు చూశారు, మళ్లీ ప్రభ చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి చూశారు. తర్వాత పక్కకు జరిగి అవ్వ చెయ్యి తీసి అతుకు మీద పెట్టారు.

అవ్వ వేళ్లతో నెమ్మదిగా తడిమింది. "గిది మా మామ చెయ్యే" అంది. ఇక ఏడుపే. ముందు వైపుకు వచ్చి మొక్కలేదు. వెనకాలే నిలబడి ఆ అతుకును నిమురుతూ ఉండిపోయింది. పటేలు తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. ఆ రోజు కళ్లు దిద్దడం ఆలస్యమైంది, ఎవరూ తొందరపెట్టలేదు.

తిరిగొస్తుంటే బస్సులో, "ఇగ రాసేద్దాం మేడం, మీరే చూసిండ్రు గద" అన్నాను.

"నేను చూసింది నేనే విజ్ఞాన సర్వస్వంల రాస్తే అది నా సొంత కథయితది. ముందుగాల బైట అచ్చు గావాలె. వేరేటోళ్లు తెచ్చి పెట్టాలె."

"అయితే పేపర్ల రాయుండ్రి."

ఆమె మాట తప్పించి, కండక్టరిచ్చిన చిల్లర లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఎందుకో నాకు తర్వాత తెలిసింది. పేరు లేని రాత ఆధారంగా పనికిరాదని అందరి వ్యాసాలూ కొట్టేసింది ఆమే. తన నిబంధనలో తానే ఇరుక్కున్నారు. బక్కయ్య పేరు అక్కడ నిలవాలంటే ఈమె పేరు కింద పడాలి. ఒక దినపత్రిక జిల్లా పేజీలో ఆమె పాత విద్యార్థి ఉన్నాడు, పేరుతో ఇస్తే వేస్తానన్నాడు. నేను పోయినప్పుడల్లా కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుని ఉండేవారు. వ్యాసం ఎప్పుడో పూర్తయింది. కింద సంతకం చోటు ఒక్కటే ఖాళీ.

చివరికి ఒకరోజు నా ముందే పటేలుకు ఫోను చేసి మొత్తం చదివి వినిపించారు, బడిలో చదివినట్టే. అటు నుంచి, "నా పేరు గూడ రాసినవా అమ్మా?" అని వినబడింది.

"నీ మాట నీ పేరు మీదనే ఉండాలె గద పటేలా. నా పేరు గూడ ఎక్కుతాంది. ఇద్దరం పడదాం."

ఫోను కట్టయిందేమోనని చూశాను. "రాయి. ఊళ్లె తెల్వనోడెవడు?" అన్నాడు ఆయన. మేడం ఎర్ర పెన్ను పక్కన పడేసి, నల్ల పెన్ను అడిగి తీసుకుని, పూర్తి పేరు రాశారు. ఇంటిపేరుతో సహా.

అచ్చయ్యాక విజ్ఞాన సర్వస్వంలో ఆ వ్యాసాన్ని నన్ను ముట్టనివ్వలేదు. "నీకు తాత, నాకు నా రాత. ఇద్దరం దూరముండాలె" అన్నారు. ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని ఒక పరిశీలకుడు పత్రిక చూసి తానే ఆ వాక్యం చేర్చాడు. 'ఈ విగ్రహాన్ని చెక్కింది బక్కయ్య.' అంతే. కింద పాదసూచికలో ఆమె పేరు. ఆ రోజు ఆ వాక్యాన్ని పైకి చదివి, "తగుల్తలేదు" అన్నారు. ఆమె నోట అంతకు మించిన మెప్పు నేనెన్నడూ వినలేదు.

పోయిన ఏడాది దవాఖానలో చూసిందే ఆఖరు. నర్సు చార్టు మీద బీపీ రాసుకుంటుంటే, "కట్టి చూసినవా బిడ్డా, నిన్నటిదే ఎక్కిచ్చినవా?" అని నీరసంగా అడిగారు. ఆ పిల్ల సిగ్గుపడి, పట్టీ తెచ్చి మళ్లీ కట్టింది. నేను నవ్వాను, ఆమె కూడా నవ్వారు. తర్వాత రెండు రోజులకే కబురొచ్చింది. దినాలన్నీ అయిపోయాక ఒకసారి పోతే, గేటు మీద రేకు ముక్క అలాగే ఉంది. లోపలికి రావచ్చన్న మాట నిజమే గానీ, లోపల ఎవరూ లేరు. చాలాసేపు గేటు పట్టుకుని ఏడ్చాను.

ఇదీ నేను చర్చ పేజీలో రాయబోయిన జవాబు. ఆ కొత్తాయనకు ఇదంతా ఎందుకు? కట్టె విరిచినట్టు రాయాలి. ఒక్కొక్క వాక్యం పైకి చదువుతూ పోయాను, తగిలినవన్నీ తీసేశాను. గొప్ప టీచరన్నది తీసేశాను, నిజాయితీ అన్నది తీసేశాను, మాకు అమ్మలాంటిది అన్నది తీయడానికి మాత్రం చాలాసేపు పట్టింది. చివరికి పంపింది ఇది:

"ఆమె ఏ విశ్వవిద్యాలయమూ కాదు. బడిలో టీచరు. ఇప్పుడు లేరు. ఆ విగ్రహాన్ని వెనక వైపు నుంచి చూశారు. చూసినదాని కింద పేరు పెట్టారు. నేను బక్కయ్య మునిమనవణ్ని, నా మాట లెక్కలోకి తీసుకోవద్దు. మీరే వచ్చి చూడండి."

జవాబు కోసం వారమంతా ఫోను చేతిలోనే ఉంది. ఆఫీసులో రెండు కరెంటు బిల్లులు తప్పు వేసి చీవాట్లు తిన్నాను. నిన్న సాయంత్రం వచ్చింది. "వాక్యం ఉంచుతున్నాను. ఆమె పోయారని తెలియదు, బాధగా ఉంది. నేనెప్పుడూ మీ వైపు రాలేదు. జాతర ఎప్పుడు?"

వెంటనే ఇంటికి ఫోను చేశాను. అవ్వకు ఇప్పుడు చెవులు సరిగా వినబడవు, అరిచి చెప్పాలి. "అవ్వా, మన అమ్మోరిని చూడనీకి ఎవలో వస్తరట!" అని అరిచాను.

"ఆ టీచరమ్మ పంపిందా?"

"ఆ, ఆమెనే పంపింది" అన్నాను.

"మంచిది. ముంగట నిలబెట్టకు బిడ్డా. ఎనుకకు తోల్కపో."